కరెంటు పోయినా ఉత్తరం పోకూడదు
(కంప్యూటర్‌లో మెయిల్ దాచుకునే డేటాబేస్‌ను ఎంచుకోవడం ఎలా?)

ఈ రోజుల్లో మనకు రావలసిన ముఖ్యమైన కాగితాలు చాలావరకు పోస్ట్‌మ్యాన్ చేతి మీదుగా రావడం లేదు. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు అందినట్టు రశీదు, కౌన్సెలింగ్ తేదీ, ఇంటర్వ్యూ పిలుపు, చివరకు ఉద్యోగంలో చేరమని చెప్పే ఉత్తర్వు కూడా ఈ-మెయిల్‌లోనే వస్తున్నాయి. తరతరాలుగా చదువుకున్న ఇళ్ళలో అలాంటి ఉత్తరం ఒకటి కనబడకపోతే ఏ మేనమామో, పెదనాన్నో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి ఇంకో నకలు తెప్పిస్తారు. మన ఇళ్ళలో ఆ ఫోన్ చేసేవాళ్ళు లేరు. డిగ్రీ పట్టా ఇంటికి తెచ్చిన మొదటివాళ్ళం మనమే. కనుక మన ఉత్తరాన్ని మనమే కాపాడుకోవాలి.

గండికోట జలాశయం కింద ఊళ్ళు ఖాళీ చేసి వచ్చిన కుటుంబాల పిల్లలు మనలో ఉన్నారు. ఒక కాగితం చేతిలో ఉందా లేదా అన్నదాని మీద ఒక ఇంటి బతుకు ఎలా ఆధారపడుతుందో వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ కాగితం ఇప్పుడు కంప్యూటర్‌లోకి మారింది, అంతే తేడా.

ఈ హాస్టల్‌లో చదివి ప్రస్తుతం ఎం.సి.ఎ. చివరి సంవత్సరంలో ఉన్న మేము నలుగురం, ప్రాజెక్టు పనిగా ఒక చిన్న డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రాం రాస్తున్నాము. పాత కంప్యూటర్, మధ్య మధ్యలో పోయే కరెంటు, గండికోట లోయ అంచున దోబూచులాడే సిగ్నల్ - వీటి మధ్య కూడా పనిచేయాలన్నది మా పట్టుదల. పని మొదలుపెట్టాక మాకు ఎదురైన మొదటి పెద్ద ప్రశ్న: వచ్చిన ఉత్తరాలను దేనిలో దాచాలి? దీనికి మేము వెతుక్కున్న సమాధానాన్ని కంప్యూటర్ చదవని తమ్ముళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డెస్క్‌టాప్ మెయిల్ ఇంకా ఎందుకు?

"అన్నా, మెయిల్ ఫోన్‌లోనే ఉంటుంది కదా, మళ్ళీ కంప్యూటర్‌లో దాచడం దేనికి?" అని మీరు అడగవచ్చు. ఫోన్‌లో మనం చూసే మెయిల్ అసలు ఉండేది ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో. ఫోన్ దాన్ని చూపిస్తుంది, కొంత భాగం తన దగ్గర ఉంచుకుంటుంది. ఆ సర్వర్‌కు కొన్ని షరతులు ఉన్నాయి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ చోటు. ఫోటోలు, డ్రైవ్‌లో పెట్టిన ఫైళ్ళు, మెయిల్ మూడూ దానిలోనే సర్దుకోవాలి. రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023 మే నెలలో ప్రకటించి, అదే ఏడాది డిసెంబర్ నుంచి అమలు మొదలుపెట్టింది.

ఇది మనకు బాగా తగిలే సంగతి. పదో తరగతిలో దరఖాస్తు నింపేటప్పుడు నెట్ సెంటర్ అన్న ఒక మెయిల్ ఐడీ తెరిచి ఇస్తాడు. పాస్‌వర్డ్ ఆయనకే గుర్తుంటుంది, లేదా ఆయనకూ గుర్తుండదు. ఇంటర్‌లో ఇంకో ఐడీ, డిగ్రీలో మరొకటి. మొదటిది ఎప్పుడు మూతబడిందో మనకు తెలియనే తెలియదు. అందుకే ముఖ్యమైన ఉత్తరాలను మన కంప్యూటర్‌లోకి దించుకోవడం మంచిది. దించే పనిని డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రాం చేస్తుంది. సిగ్నల్ లేని చోట కూడా పాత ఉత్తరాలు చదువుకోవచ్చు, జవాబు రాసి ఉంచుకోవచ్చు. సిగ్నల్ దొరికినప్పుడు అది బయటికి పోతుంది.

దించుకోవడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. పాప్ పద్ధతిలో ఉత్తరం మన దగ్గరికి వస్తుంది, సర్వర్‌లో ఉన్నదాన్ని తీసేయమని కూడా చెప్పవచ్చు. ఐమ్యాప్ పద్ధతిలో అసలు సర్వర్‌లోనే ఉంటుంది, మన దగ్గర ఉన్నది దాని ప్రతిబింబం. అక్కడ చెరిపేస్తే ఇక్కడా చెరిగిపోతుంది. కనుక ఐమ్యాప్‌లో కనిపిస్తున్నంత మాత్రాన మన దగ్గర వేరే నకలు ఉన్నట్టు కాదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

తెర వెనుక గది

మెయిల్ ప్రోగ్రాంలో మనకు కనబడేది ముందు గది మాత్రమే. ఇన్‌బాక్స్, పంపినవి, చిత్తుప్రతులు అన్నీ అక్కడ ఉంటాయి. వెనుక ఒక సామాన్ల గది ఉంటుంది. ఉత్తరాన్ని లోపల పెట్టడం, అడిగినప్పుడు తీసి ఇవ్వడం, ఏది ఎక్కడుందో లెక్క రాయడం దాని పని. ఆ గదినే బ్యాక్‌ఎండ్ అంటారు. లెక్క రాసే పద్ధతి డేటాబేస్ అయితే దాన్ని డేటాబేస్ బ్యాక్‌ఎండ్ అంటారు. మన హాస్టల్ స్టోర్ రూమును, స్టాకు రిజిస్టరును కలిపి ఊహించుకోండి, సరిపోతుంది.

ఆ గదిని ఎంచుకునే ముందు మేము ఐదు ప్రశ్నలు రాసుకున్నాము.

1. ఉత్తరం రాసుకుంటుండగా కరెంటు పోతే ఏమవుతుంది?
2. ఒక చోట చెడితే మిగతావన్నీ చెడతాయా?
3. దాన్ని నడపడానికి తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండాలా?
4. పదేళ్ళ తర్వాత మా ప్రోగ్రాం లేకపోయినా ఆ ఉత్తరం చదవగలమా?
5. వేల ఉత్తరాల్లో ఒక తెలుగు మాటను వెతకగలమా?

వేగం గురించిన ప్రశ్నను కావాలనే మొదట పెట్టలేదు. ఉత్తరం అర సెకను ఆలస్యంగా తెరుచుకుంటే ఎవరి సీటూ పోదు. తెరుచుకోకపోతే పోతుంది. ఈ ప్రశ్నలతో ఇప్పటివరకు లోకంలో వాడుకలో ఉన్న పద్ధతులను ఒక్కొక్కటిగా పరీక్షిద్దాం.

ఒకే పాతరలో అన్ని ఉత్తరాలు

మన సీమలో పెద్దలు జొన్నలను పాతరలో దాచేవారు. నేలలో లోతుగా గుంత తీసి, చుట్టూ గడ్డి పేర్చి, గింజ పోసి, పైన మన్ను కప్పేవారు. మంచి పద్ధతే. ఏళ్ళ తరబడి గింజ నిలిచేది. కానీ ఎక్కడైనా నీరు దిగితే గుంత మొత్తానికి ముప్పు.

ఎమ్‌బాక్స్ అనే పద్ధతి ఇలాంటి పాతరే. యూనిక్స్ కాలం నుంచి వస్తున్నది. ఒక ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నిటినీ ఒకదాని కింద ఒకటిగా ఒకే ఫైలులో రాస్తారు. ప్రతి ఉత్తరం 'ఫ్రం' అనే మాటతో మొదలయ్యే వరుసతో ఆరంభమవుతుంది. ఉత్తరం లోపల కూడా ఏదైనా వరుస అదే మాటతో మొదలైతే? కొత్త ఉత్తరమని పొరబడకుండా దాని ముందు ఒక గుర్తు చేర్చాల్సి వస్తుంది. అంటే దాచుకునే పద్ధతి కోసం అసలు ఉత్తరాన్నే కొద్దిగా మార్చేస్తున్నామన్నమాట.

ఉచితంగా దొరికే థండర్‌బర్డ్ మామూలుగా ఈ పద్ధతినే వాడుతుంది. ఉత్తరాన్ని చెరిపేస్తే అది ఫైలులోంచి వెంటనే పోదు, చెరిపినట్టు గుర్తు మాత్రం పడుతుంది. తర్వాత 'కాంపాక్ట్' చేసినప్పుడు ఉంచవలసినవాటితో ఫైలు మళ్ళీ తయారవుతుంది. పెద్ద ఫోల్డర్ అయితే ఆ పని నడుస్తుండగా కరెంటు పోకుండా చూసుకోవాలి. ఇందులో ఒక గొప్ప సుగుణం మాత్రం ఉంది. ఎమ్‌బాక్స్ మామూలు అక్షరాల ఫైలు. ఏ ప్రోగ్రాం లేకపోయినా నోట్‌ప్యాడ్‌తో తెరిచి చూడవచ్చు. నాలుగో ప్రశ్నకు దీనికి నూటికి నూరు మార్కులు.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో వాడిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో డి.బి.ఎక్స్. ఫైలు పెట్టేది. ఆఫీసుల్లో వాడే అవుట్‌లుక్ అయితే అన్ని ఫోల్డర్లనూ ఒకే పి.ఎస్.టి. ఫైలులో దాచింది. ఈ రెండింటికీ 2 జీబీ హద్దు ఉండేది. 2 జీబీ అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 648 బైట్లు. ఫైలులో ఏ ఉత్తరం ఎక్కడుందో చెప్పే అంకెకు ఇచ్చిన చోటు చిన్నది కావడం వల్ల ఈ హద్దు వచ్చింది. హద్దు దగ్గరికి వచ్చాక ఫైలు తెరుచుకోకుండా పోవడం, దాన్ని బాగుచేయడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఇచ్చిన 'స్కాన్‌పీఎస్టీ' అనే పనిముట్టుతో కుస్తీ పట్టడం ఆనాటి కంప్యూటర్ ఆపరేటర్లందరికీ అనుభవమే. 2003 అవుట్‌లుక్‌లో కొత్త రకం పి.ఎస్.టి. వచ్చి హద్దు 20 జీబీకి, 2010లో 50 జీబీకి పెరిగింది. హద్దు పెరిగింది గానీ పాతర పాతరగానే ఉంది. పైగా దాన్ని నోట్‌ప్యాడ్‌తో చదవలేము.

ఉత్తరానికొక ఫైలు

రెండో పద్ధతి మెయిల్‌డిర్. క్యూమెయిల్ అనే సర్వర్ ప్రోగ్రాం రాసిన డేనియల్ బెర్న్‌స్టైన్ 1990లలో దీన్ని తెచ్చాడు. ఒక్కో ఉత్తరానికి ఒక్కో ఫైలు. ఫోల్డర్‌లో మూడు అరలు ఉంటాయి: టెంప్, న్యూ, కర్. వచ్చే ఉత్తరాన్ని మొదట టెంప్ అరలో రాస్తారు. చివరి అక్షరం వరకు రాయడం పూర్తయి, డిస్కు మీద పడిందని తేలాకే దాన్ని న్యూ అరలోకి మారుస్తారు. మనం చూసిన తర్వాత కర్ అరలోకి పోతుంది.

ఇందులోని తెలివి చూడండి. ఒక అర నుంచి ఇంకో అరకు మార్చడమంటే ఉత్తరాన్ని మళ్ళీ రాయడం కాదు. దాని పేరు ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి పోతుంది, అంతే. కనుక కరెంటు ఎప్పుడు పోయినా న్యూ అరలో సగం ఉత్తరం ఉండదు. ఉంటే మొత్తం ఉంటుంది, లేకుంటే టెంప్‌లో సగం ముక్క మిగులుతుంది. సర్వర్‌లో అసలు ఇంకా ఉంది కనుక దాన్ని మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఒక ఫైలు చెడిపోతే పోయేది ఒక్క ఉత్తరమే.

లోపాలు లేకపోలేదు. పదివేల ఉత్తరాలంటే పదివేల చిన్న ఫైళ్ళు. పాత హార్డ్‌డిస్కు వాటన్నిటినీ తెరిచి చూడాలంటే ఆయాసపడుతుంది. "గత జూన్‌లో వచ్చిన స్కాలర్‌షిప్ ఉత్తరాలు చూపించు" అంటే ప్రతి ఫైలునూ తెరవాల్సిందే. ఇంకో చిక్కు ఏమిటంటే చదివిన ఉత్తరమా, నక్షత్రం పెట్టిన ఉత్తరమా అనే గుర్తులను మెయిల్‌డిర్‌లో ఫైలు పేరు చివర, రెండు చుక్కల గుర్తు తర్వాత రాస్తారు. విండోస్‌లో ఫైలు పేరులో ఆ రెండు చుక్కలు పెట్టనివ్వరు.

కాపలాదారు కావలసిన డేటాబేస్

కాలేజీలో మనకు డేటాబేస్ అనగానే నేర్పేది మై ఎస్‌క్యూఎల్, ఒరాకిల్ వంటివి. మాకూ మొదట అవే తోచాయి. ఇవి సర్వర్ పద్ధతిలో నడుస్తాయి. అంటే మన ప్రోగ్రాం కాక, డేటాబేస్ నడిపే ఇంకో ప్రోగ్రాం పక్కన ఎప్పుడూ మేలుకుని ఉండాలి. వందమంది ఒకేసారి టికెట్లు బుక్ చేసే చోట ఇది తప్పనిసరి. కరెంటు పోతే తట్టుకునే ఏర్పాట్లు కూడా వీటిలో బాగానే ఉన్నాయి.

చిక్కు మా మూడో ప్రశ్న దగ్గర వచ్చింది. ఆ రెండో ప్రోగ్రాంను ఎక్కించాలి, పాస్‌వర్డ్ పెట్టాలి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మార్చాలి. బ్యాంకులో ఆ పనికి ఉద్యోగి ఉంటాడు. మన హాస్టల్ కంప్యూటర్‌కు ఎవరున్నారు? దీనికి లోకంలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. లినక్స్‌లో వాడే కేడీఈ వాళ్ళ కేమెయిల్ 2011లో కొత్త రూపం ఎత్తి, అకోనాడి అనే మధ్యవర్తిని పెట్టుకుంది. ఆ మధ్యవర్తి తన లెక్కల కోసం మై ఎస్‌క్యూఎల్‌ను వెనుక నడిపించింది. ఏదో కారణంతో వెనుకనున్న సర్వర్ లేవకపోతే ముందున్న మెయిల్ కూడా పనిచేయదు. మామూలు మనిషి ఉత్తరం చదువుకోవాలని కూర్చుంటే డేటాబేస్ సర్వర్ దోషాల చిట్టా ఎదురవుతుంది. తర్వాతి కాలంలో అకోనాడిలో ఇతర డేటాబేస్‌లు ఎంచుకునే వీలు కల్పించారు.

మేము తెలుసుకున్నది ఇది: ఒక వస్తువు గట్టిదైతే చాలదు, దాన్ని చూసుకునే మనిషి లేని చోట కూడా గట్టిగా ఉండాలి.

చిట్టా, ఆవర్జా, ఎస్‌క్యూలైట్

ఆ అవసరం నుంచే పుట్టినది ఎస్‌క్యూలైట్. అమెరికా నౌకాదళానికి చెందిన ఒక యుద్ధనౌక కోసం సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్న రిచర్డ్ హిప్ అనే ఇంజనీరుకు సర్వర్ డేటాబేస్‌తో విసుగు వచ్చింది. నిర్వాహకుడు, సర్వర్ రెండూ అక్కర్లేకుండా ప్రోగ్రాం లోపలే కలిసిపోయే డేటాబేస్ ఉండాలనుకుని 2000 సంవత్సరంలో దీన్ని విడుదల చేశాడు. ఇది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా, అనుమతి అడగకుండా వాడుకోవచ్చు. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐఫోన్‌లో, అందరూ వాడే వాట్సాప్‌లో సందేశాలు దాచేది ఇదే. పేరు తెలియకుండానే మనమందరం దీని వాడకందారులం.

కరెంటు పోతే ఇది ఎలా తట్టుకుంటుంది? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు అంగళ్ళలో పాతకాలం శెట్లు రెండు పుస్తకాలు పెట్టేవారు. జరిగిన బేరాన్ని జరిగిన వరుసలో వెంటనే రాసేది చిట్టా. తీరిగ్గా ఎవరి ఖాతాకు వారిది ఎక్కించేది ఆవర్జా. ఆవర్జాలో ఎక్కిస్తుండగా దీపం ఆరిపోయినా నష్టం లేదు. చిట్టా చూసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. చిట్టాలో చివరి బేరం సగమే రాసి ఉంటే ఆ ఒక్కటీ కొట్టేస్తే సరి.

2010లో ఎస్‌క్యూలైట్‌లోకి వచ్చిన 'వాల్' పద్ధతి సరిగ్గా ఇదే. ఏ మార్పు అయినా మొదట వాల్ అనే పక్క ఫైలు చివర రాస్తారు. కొంత పోగయ్యాక అసలు ఫైలుకు ఎక్కిస్తారు. పక్క ఫైలులో రాసిన ప్రతి ముక్కకు ఒక సరిచూపు అంకె ఉంటుంది. కరెంటు వచ్చాక ప్రోగ్రాం తెరిస్తే ఎస్‌క్యూలైట్ ఆ అంకెలను లెక్కేసి చూస్తుంది. లెక్క కుదిరి, పూర్తయినట్టు గుర్తు ఉన్నంతవరకు తీసుకుంటుంది. సగంలో ఆగినదాన్ని వదిలేస్తుంది. అంతకుముందు నుంచి ఉన్న పాత పద్ధతిలో వరుస తలకిందులు: మార్చబోయే పేజీ పాత ప్రతిని ముందుగా పక్కన రాసి పెట్టుకుని, మధ్యలో ఆగిపోతే పాత ప్రతిని తిరిగి అతికిస్తుంది.

ఇలా "అయితే మొత్తం అవ్వాలి, లేకుంటే అసలు కాకూడదు" అనే పనిని లావాదేవీ అంటారు. ఒక ఉత్తరాన్ని ఇన్‌బాక్స్ నుంచి 'స్కాలర్‌షిప్' ఫోల్డర్‌కు మార్చడం చూడండి. అక్కడ తీయాలి, ఇక్కడ పెట్టాలి. ఈ రెంటి మధ్య కరెంటు పోతే ఉత్తరం రెండు చోట్లా లేకుండా పోవచ్చు. లావాదేవీగా చేస్తే ఏదో ఒక చోట తప్పక ఉంటుంది. ఇలాంటి లావాదేవీకి ఉండవలసిన నాలుగు లక్షణాలకు 'యాసిడ్' అని పేరు పెట్టినవారు థియో హేర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు. అది 1983లో. పరీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న, డిగ్రీ తమ్ముళ్ళు గమనించగలరు.

ఎస్‌క్యూలైట్ వాళ్ళు రాసిన అసలు కోడ్ కంటే దాన్ని పరీక్షించే కోడ్ కొన్ని వందల రెట్లు ఎక్కువ. కరెంటు పోయినట్టు, జ్ఞాపకశక్తి నిండిపోయినట్టు నటించి మరీ పరీక్షిస్తారు. 2050 వరకు దీన్ని చూసుకుంటామని మాట ఇచ్చారు. ఎక్కువ కాలం నిలవాల్సిన సమాచారానికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సిఫారసు చేసే రూపాల్లో ఇది ఒకటి.

మా నిర్ణయం

అయితే ఉత్తరాలన్నిటినీ ఎస్‌క్యూలైట్‌లోనే పోసేస్తే సరిపోతుందా? పోయవచ్చు. దాదాపు 10 కేబీ ఉండే చిన్న ముక్కలను విడి ఫైళ్ళలోంచి చదవడం కంటే ఎస్‌క్యూలైట్‌లోంచి చదవడం సుమారు 35 శాతం వేగమని వాళ్ళే కొలిచి చూపారు. కానీ అప్పుడు మళ్ళీ ఒకే పాతర అవుతుంది. పైగా ఉత్తరాలతో వచ్చే సర్టిఫికెట్ల స్కాన్లు పెద్దవి. మెయిల్‌లో వెళ్ళేటప్పుడు ప్రతి మూడు బైట్లు నాలుగు అక్షరాలుగా మారతాయి కనుక 3 ఎంబీ ఫోటో 4 ఎంబీ అవుతుంది. ఇవన్నీ ఒకే ఫైలులో చేరితే పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసిన ప్రతిసారీ ఆ కొండనంతా మోయాలి.

అందుకని మేము రెంటినీ కలిపాము. ఉత్తరం ఎలా వచ్చిందో అలాగే, ఒక్క అక్షరం మార్చకుండా, విడి ఫైలుగా ఉంటుంది. ఎవరు పంపారు, ఎప్పుడు, విషయం ఏమిటి, ఏ ఫోల్డర్, చదివామా లేదా అనే వివరాలు ఎస్‌క్యూలైట్‌లో ఉంటాయి. ఇది మా కొత్త ఆలోచన ఏమీ కాదు. ఆపిల్ కంప్యూటర్లలోని మెయిల్ 2005 నుంచి ఉత్తరాలను విడి ఫైళ్ళుగా, సూచికను ఎస్‌క్యూలైట్‌లో దాస్తోంది.

దీని వెనుక ఉన్న సూత్రాన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. మళ్ళీ తయారు చేసుకోలేనిదాన్ని అన్నిటికన్నా సాదా రూపంలో దాచాలి. మళ్ళీ తయారు చేసుకోగలిగినదాన్ని వేగంగా ఉండే రూపంలో దాచుకోవచ్చు. డేటాబేస్ మొత్తం పోయినా ఉత్తరాల ఫైళ్ళను ఒకసారి చదివి సూచికను తిరిగి కట్టుకోవచ్చు. పోయేవి చదివిన గుర్తులు, నక్షత్రాలు, ఫోల్డర్ల విభజన. ఐమ్యాప్ అయితే అవీ సర్వర్ నుంచి వస్తాయి. ఆ మాత్రం నష్టానికి మేము ఒప్పుకున్నాము.

పనుల వరుస కూడా ముఖ్యం. ఉత్తరం రాగానే ముందు టెంప్ అరలో రాస్తాం. డిస్కు మీదికి నిజంగా దించమని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెబుతాం. ఈ మాట చెప్పకపోతే అది కాసేపు జ్ఞాపకంలోనే ఉంచుకుని "రాసేశాను" అంటుంది. తర్వాత అసలు అరకు మారుస్తాం. ఆపైన డేటాబేస్‌లో వరుస చేరుస్తాం. పాప్ పద్ధతి అయితే ఇవన్నీ పూర్తయ్యాకే సర్వర్‌లోది తీసేయమంటాం. ఫైలు పడి, వరుస పడకముందే కరెంటు పోతే? ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా వరుస లేని ఫైళ్ళు ఏమైనా ఉన్నాయా అని చూసి చేర్చుకుంటుంది. ఒక సాయంత్రమంతా కూర్చుని ఉత్తరాలు దిగుతుండగా ప్లగ్ పీకుతూ దీన్ని సరిచూసుకున్నాము.

తెలుగులో వెతకడం

ఐదో ప్రశ్న దగ్గర మాకు ఒక వింత ఎదురైంది. తెలుగు ఉత్తరం మెయిల్‌లో ప్రయాణించేటప్పుడు సాధారణంగా అక్షరాలు అలాగే పోవు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలుగా మారి పోతాయి. కనుక ఉత్తరం ఫైలును నేరుగా వెతికితే తెలుగు మాట దొరకదు. సంకేతాన్ని విప్పి, తెలుగును యూనికోడ్‌లో డేటాబేస్‌కు ఇవ్వాలి.

ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5 అనే వెతుకులాట ఏర్పాటు ఉంది. వచ్చిన వాక్యాన్ని అది మాటలుగా విడగొట్టి సూచిక కడుతుంది. అక్షరాలను, అంకెలను మాటలో భాగంగా తీసుకుంటుంది, మిగతావాటి దగ్గర కోస్తుంది. యూనికోడ్ లెక్కలో మన తలకట్టు లేని గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు 'అక్షరాలు' కావు, 'గుర్తులు'. దాంతో మామూలుగా వదిలేస్తే 'గండికోట' అనే మాట గ, డ, క, ట అని నాలుగు ముక్కలవుతుంది. 'గుడి కోట' అన్నా అవే నాలుగు ముక్కలు! గండికోట అని వెతికితే గుడి కోట కూడా వచ్చి కూర్చుంటుంది. గుర్తుల తరగతులను కూడా మాటలో భాగంగా తీసుకోమని సూచిక కట్టేటప్పుడు ఒక్క మాట చేరిస్తే ఇది సర్దుకుంటుంది. 'ఉత్తరం', 'ఉత్తరాలు' రెండూ దొరకాలంటే 'ఉత్తర' అని రాసి చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకాలి. ఇంగ్లీషు కోసం తయారైన వస్తువును మన భాషకు వాడేముందు మన మాటతో ఒకసారి పరీక్షించి చూడాలని తెలిసింది.

నకలు లేనిదే రక్ష లేదు

ఎంత మంచి డేటాబేస్ అయినా డిస్కు కాలిపోతే చేసేది ఏమీ లేదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ ఒక్కో తెలుగు కావ్యానికి పలుచోట్ల నుంచి తాటాకు ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఒక ఇంట్లో చెద తిన్న ఆకు ఇంకో ఇంట్లో బాగుండేది. వేర్వేరు ఇళ్ళలో నకళ్ళు ఉండబట్టే ఆ పని సాధ్యమైంది. ఆయన పేరుతో ఉన్న భాషా పరిశోధన కేంద్రం నేటికీ కడపలో ఉంది. వెళ్ళి చూడని తమ్ముళ్ళు తప్పక చూడాలి.

నకలు తీసేటప్పుడు ఈ జాగ్రత్తలు అవసరం.

1. ప్రోగ్రాం నడుస్తుండగా ఎస్‌క్యూలైట్ ఫైలు ఒక్కదాన్నే కాపీ చేయకూడదు. చిట్టాను వదిలి ఆవర్జాను మాత్రం తీసుకుపోయినట్టు అవుతుంది. ప్రోగ్రాం మూసి తీయాలి, లేదా ఎస్‌క్యూలైట్ ఇచ్చిన బ్యాకప్ ఆదేశం వాడాలి.
2. నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్ మీద వాల్ పద్ధతి పనిచేయదు. డేటాబేస్ సొంత డిస్కు మీదే ఉండాలి.
3. కొన్ని చవక పెన్‌డ్రైవ్‌లు రాయకుండానే రాశామంటాయి. వాటిని నకలుకు వాడవచ్చు గానీ అసలుకు వాడకూడదు. తీసేముందు 'సేఫ్‌లీ రిమూవ్' తప్పనిసరి.
4. తీసిన నకలును నెలకొకసారైనా తెరిచి చూడాలి. తెరవని నకలు ఉన్నా లేనట్టే.
5. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఎవరి లాగిన్ వాళ్ళకు ఉండాలి. ఉత్తరం భద్రంగా ఉండడమంటే ఇతరుల కంట పడకుండా ఉండడం కూడా.

ప్రోగ్రాం రాయని తమ్ముళ్ళు ఏం చేయాలి?

మీరు డేటాబేస్ ఎంచుకోనక్కర్లేదు, ఈ సూత్రాన్ని వాడుకుంటే చాలు. జీమెయిల్ వాడేవాళ్ళు గూగుల్ టేకౌట్ అనే సదుపాయంతో తమ ఉత్తరాలన్నిటినీ ఎమ్‌బాక్స్ ఫైలుగా దించుకోవచ్చు. థండర్‌బర్డ్ ఎక్కించుకుని, ముఖ్యమైన ఉత్తరాలను 'లోకల్ ఫోల్డర్స్'లోకి నకలు చేసుకోవచ్చు. అలా చేస్తే సర్వర్‌లో పోయినా మన దగ్గర ఉంటుంది. ఒకే ఐడీ పెట్టుకోండి, దాని పాస్‌వర్డ్ మీ చేతిలో ఉంచుకోండి. ఏడాదికి నాలుగుసార్లైనా లోపలికి వెళ్ళి చూడండి. హాల్ టికెట్టు, ర్యాంకు కార్డు వచ్చిన రోజే అచ్చు తీసి ట్రంకుపెట్టెలోని సర్టిఫికెట్ల ఫైలులో పెట్టండి. సాదా రూపాల్లో కాగితాన్ని మించినది ఇంకా రాలేదు.

మా ప్రోగ్రాం పూర్తి కాగానే ఒక ప్రతిని హాస్టల్ కంప్యూటర్‌లో ఎక్కించి ఇస్తాము. వాడి చూసి తప్పులు పట్టే బాధ్యత మీదే. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఎవరైనా డేటాబేస్ పనిలో ఉంటే, మా ఎంపికలో ఇంకా చూడవలసినవి ఏమున్నాయో చెబితే సంతోషిస్తాము. కోడ్ అడిగినవారికల్లా ఇస్తాము.